నాణెం సరే, దొరికిన ఊరు ఏది?

పాత నాణేల వేలంపాటల మీద వరంగల్, కరీంనగర్ సేకర్తల్లో మళ్లీ రగడ మొదలైంది. ఎప్పుడు రాజుకున్నా ఈ తగాదా ఒకే వరుసలో నడుస్తుంది. ముంబైలోనో బెంగళూరులోనో జరిగే వేలంలో హనుమకొండ సేకర్త ఒకరు ఇంట్లో కూర్చుని ఫోనులోనే పాట పాడి, బొటనవేలి గోరంత బిళ్ల ఒకటి దక్కించుకుంటారు. జాబితాలో దాని కింద ‘శాతవాహన, కోటిలింగాల’ అని రాసి ఉంటుంది. పార్సిల్ విప్పి తోటివారికి చూపిస్తే అందులో ఒకరు పెదవి విరుస్తారు. కొన్నవారు డబ్బు వెనక్కి అడుగుతారు. ఫిర్యాదు గడువు దాటిందని, అయినా అది నకిలీ అని ఎవరూ తేల్చలేదని వేలం సంస్థ జవాబిస్తుంది. ఇక అసలా నకిలీయా అన్న వాదన కొన్నాళ్లు సాగి, ఎవరి మాట వారిదిగానే చల్లారుతుంది. ఆ బిళ్ల నిజంగా జాబితా చెప్పిన ఊరిదేనా అన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

తుగ్లక్ ఇత్తడి నాణేలకు (టంకాలకు) ఊరూరా నకిలీలు పుట్టిన కథ, 1987లో జెనీవా వేలం దాకా వెళ్లిన పన్నెండు కిలోల జహంగీర్ బంగారు మోహరు కథ తెలియని సేకర్త ఉండరు. వాటి జోలికి వెళ్లడం లేదు. ఇప్పటి తగాదా ఎందుకు తెగడం లేదో తెలియాలంటే 1970ల చివర్లో, అప్పటి కరీంనగర్ జిల్లాలో, గోదావరిలో పెద్దవాగు కలిసే చోట ఏం జరిగిందో చూడాలి.

కోటిలింగాల ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. పాత ఊరు మట్టిలో కలిసిపోయి మిగిలిన దిబ్బను మనవాళ్లు పాటిగడ్డ అంటారు. పాటిమన్ను చేనుకు బలమని రైతులు బండ్లకెత్తి తోలుకోవడం తరతరాలుగా ఉన్నదే. ఆ మట్టిలో పూసలు, పెంకులు, చిలుము పట్టిన బిళ్లలు వస్తుంటాయి. కోటిలింగాలలో అలా దొరుకుతున్న నాణేలను తపాలా ఉద్యోగి సంగనభట్ల నరహరి శర్మ పోగుచేసి, చదవగలిగినవారి దాకా చేర్చారు. శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు చదివి ప్రకటించారు. గోభద, నారన, కంవాయ, సమగోప. అప్పటివరకు చరిత్రలో చోటు లేని పాలకుల పేర్లు ఇవి. వాటితోపాటే చిముక పేరున్న నాణేలు. పురాణాల్లోని రాజుల జాబితాలోనూ, మహారాష్ట్రలోని నానేఘాట్ శాసనంలోనూ తప్ప కనిపించని తొలి శాతవాహనుడి పేరు గోదావరి ఒడ్డున లోహం మీద దొరికింది. 1979లో రాష్ట్ర పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. ఆ తర్వాత న్యూరోసర్జన్, నాణేల పరిశోధకుడు డాక్టర్ దేమె రాజారెడ్డి వంటివారి రాతలతో ఈ నాణేల సంగతి సేకర్తల లోకమంతా పాకింది.

ఈ కథలో పండితులు చిముక దగ్గర ఆగుతారు. వేలంపాటల తగాదాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యం. ఆ నాణేలు ఏ దిబ్బ మీద దొరికాయో, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చాయో చెప్పగలిగినవారు ఉన్నారు. అనుమానం వచ్చినవారు బస్సెక్కి వెళ్లి చూసి రావచ్చు. పైగా ఆ నాణేలకున్న చారిత్రక విలువ దాదాపు మొత్తం ఊరి పేరులోనే ఉంది. అదే చిముక నాణెం ఎక్కడ దొరికిందో తెలియకుండా బజారులో తేలి ఉంటే, శాతవాహనులు తెలంగాణ నుంచి బయలుదేరారన్న వాదనకు అది ఏ మాత్రం పనికొచ్చేది కాదు.

పరిశోధకులు ఊరి పేరుకు తెచ్చిన ఈ విలువను వ్యాపారం అందిపుచ్చుకుంది. అక్షరాలు సరిగ్గా కనిపించని, ఎక్కడిదో తెలియని శాతవాహన బిళ్లను ‘దక్కన్’ అని రాసి అమ్మితే ఒక ధర. ‘కోటిలింగాల’ అని రాస్తే ఇంకో ధర. చీర మీద పోచంపల్లి చీటీ అంటించినట్టే. చీరకైతే నేత చూసి చెప్పేవారుంటారు, నాణెం మట్టి వదిలి వచ్చాక దాని ఊరేదో చూసి చెప్పగలవారు లేరు. పాత పాటిగడ్డలో కొంత ఎల్లంపల్లి ప్రాజెక్టు నీటి ముంపు బారిన పడింది. జాబితాల్లో మాత్రం కోటిలింగాల నాణేలకు కొదవ లేదు.

అబద్ధం ఎక్కడ మొదలవుతుందో వెతికితే చాలామంది చూపు వేలం సంస్థ మీదికి పోతుంది. నిజానికి అది చేను గట్టు మీదే మొదలవుతుంది, దానికి చట్టమే కారణం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ సొత్తును ప్రభుత్వం తీసుకోదలిస్తే హక్కుదారులకు ఇచ్చేది అందులోని లోహం విలువ, దాని మీద ఐదో వంతు. బంగారు బిందె దొరికినవారికి ఈ లెక్కలో ఎంతో కొంత ముడుతుంది. సీసపు నాణెం దొరికిన రైతుకు? తూకం వేస్తే కిళ్లీ ఖర్చుకు కూడా రాదు. దానికోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంటుంది?

భయం ఒకటి ఉండనే ఉంది. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న రాగి బిందె బయటపడింది. జనం పోగయ్యారు, అధికారులు వచ్చారు, కిలోలకొద్దీ బంగారమన్న పుకారు లేచింది. అక్కడ కబురు అధికారులకు చేరడం, సొత్తు లెక్కలోకి రావడం మెచ్చుకోదగ్గదే. అది చూసిన చుట్టుపక్కల రైతులు నేర్చుకున్న పాఠం మాత్రం వేరు: దొరికితే నోరు మెదపకూడదు. కాబట్టి చేనులో దొరికిన నాణేలు దళారి చేతికి వెళ్లేటప్పుడే ఊరి పేరు మారుతుంది. దళారి అడగడు, రైతు చెప్పడు. అక్కడి నుంచి ఎంత నిజాయితీ గల వ్యాపారి చేతికి వచ్చినా, ఆయన రాసే ఊరు ఎవరో అన్న మాటే.

1972 పురావస్తు చట్టం 1976 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. కోటిలింగాల వెలుగు చూసిన రోజులు కూడా ఇంచుమించు అవే. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు అయింది. దాన్ని దేశం దాటించకూడదు, వాటితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. శిల్పాల్లాగా నాణేలను ఒక్కొక్కటిగా నమోదు చేయించే ఏర్పాటు మాత్రం లేదు. అంటే అమ్మేవారి మీద నిఘా, అమ్ముడయ్యే వస్తువు పుట్టుక మీద మౌనం.

వేలం సంస్థలవారి మాట కూడా వినాలి. జాబితాలో రాసేది తమ అభిప్రాయమని, హామీ లోహానికి, కాలానికి మాత్రమేనని వారంటారు. సరుకు తెచ్చినవారి పేరు బయటపెట్టడం తమ వ్యాపార నియమానికి విరుద్ధమంటారు. తప్పులు దొర్లడం సహజమంటారు. ఈ చివరి మాటలో నిజం ఉంది. శాతవాహన నాణేల్లో అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. రాజు పేరులో రెండు మూడు అక్షరాలే బిళ్ల మీద పడి మిగతావి అంచు దాటిపోతాయి. మిగిలిన వాటిని ఊహించి చదవాల్సిందే, పండితులే ఒకరి పాఠాన్ని ఒకరు ఒప్పుకోరు.

కొన్నవారి తప్పులూ తక్కువేం కాదు. అంచున పోత గీత కనిపించగానే నకిలీ అని కేకలు వేసేవారున్నారు. ఆ కాలంలో బిళ్లలను మూసల్లో పోతపోసి, తర్వాత ముద్ర కొట్టిన నాణేలు ఉన్నాయి. వాటి అంచున పోత తోక మిగిలి ఉంటే అది దోషం కాదు. నకిలీ పట్టుబడేది వేరే విధంగా. ఒకే అచ్చుతో కొట్టిన రెండు అసలు నాణేలను పక్కపక్కన పెడితే బొమ్మ ఒకేలా ఉంటుంది. బిళ్ల ఆకారం, అంచు చిట్లిన తీరు, పైన పడ్డ గుంటలు మాత్రం దేనివి దానివే. అసలు నాణెం నుంచి మూస తీసి పోసిన జంటలో బొమ్మతోపాటు చిట్లిన అంచు కూడా ఒకే చోట ఉంటుంది, గుంట పక్కన గుంటతో సహా. రెండు వేలాల జాబితాలను పక్కపక్కన పెట్టుకుని భూతద్దంతో చూసేవారికి ఇలాంటి జంటలు చిక్కుతాయి. అలా చిక్కాక కూడా ‘మా అభిప్రాయం’ అనడాన్ని పొరపాటు అనలేం.

నిజాం రూపాయల సంగతి చూస్తే పొరపాటుకు, మోసానికి ఉన్న ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వరంగల్ పాత ఇళ్లలో చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఇప్పటికీ ఏదో ఒక పెట్టెలో ఉంటుంది. ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కాక చార్మినార్ ద్వారంలో ఆయన పేరులోని తొలి అక్షరం ‘ఐన్’ వేశారు. మొదట్లో అది పొట్టిగా ఉంది, తర్వాత పూర్తి అక్షరం వచ్చింది. పొట్టి ఐన్ రూపాయి కోసం సేకర్తలు వెతుకుతారు. అరిగిన నాణెం మీద పూర్తి ఐన్‌ను పొట్టి ఐన్ అనుకోవడం ఎవరికైనా జరుగుతుంది. అడగ్గానే డబ్బు తిరిగి ఇచ్చి, జాబితా సరిదిద్దే వ్యాపారిని ఎవరూ తప్పుపట్టరు. కాసుల పేరులోంచి తీసిన అష్రఫీకి (బంగారు నాణేనికి) కొక్కెం ఊడదీసి, టంకం గీకి, మెరుగు పెట్టి ‘వాడనిది’ అని అమ్మడం ఇంకో రకం. పై అంచున వేలితో తడిమితే ఎత్తుపల్లం తెలుస్తుంది. ఫోటోలో తెలియదు. ఈ రెంటినీ ఒకే మాటతో ‘పొరపాటు’ అనేస్తున్నారు కాబట్టే సేకర్తలు మండిపడుతున్నారు.

పోలీసు స్టేషన్‌కు వెళ్లినవారికి ఎదురయ్యే చిక్కు చాలామందికి తెలియదు. నాణేల నకిలీ నేరం కింద లెక్కకు రావాలంటే అది చలామణీ కోసం ప్రభుత్వం ముద్రించిన నాణెం అయి ఉండాలి. చిముక నాణేనికి నకిలీ పోయడం ఆ సెక్షన్ల కిందికి రాదు. మిగిలేది మోసం కేసు. అందులో అమ్మినవారికి ముందే తెలుసునని రుజువు కావాలి. ‘నేనూ నమ్మి కొన్నాను’ అన్న ఒక్క మాటతో అది వీగిపోవచ్చు. బిళ్ల ఎవరి నుంచి వచ్చిందో రాతలో లేనప్పుడు ఆ మాటను కాదనేదెలా?

దానికంటే వినియోగదారుల కమిషన్ దారి మేలు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. ఇదే చట్టంలోని 64వ సెక్షన్ దొంగ పాటలతో ధర పెంచిన వేలాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారికి ఇస్తుంది. 2019 వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది, వేలం ఎక్కడ జరిగినా కొన్నవారు తామున్న జిల్లాలోనే వేయవచ్చు. సంస్థలు తమ నిబంధనల్లో రాసుకునే కొద్ది రోజుల గడువు ఈ హక్కును మింగేయలేదు. ఒక్క మెలిక ఉంది. తిరిగి అమ్మే వ్యాపారం కోసం కొన్నవారు ఈ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. మన సేకర్తల్లో ఒకటి కొని రెండు అమ్మేవారు ఎందరో ఉన్నారు, అవతలి వకీలు పట్టుకునేది అక్కడే.

పాత నోట్లు, నాణేలు లక్షలకు కొంటామని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ముందుగా కమీషను, పన్ను గుంజే ముఠాల సంగతి వేరు. 2021 ఆగస్టులో ఆ బ్యాంకే తనకు అలాంటి లావాదేవీలతో సంబంధం లేదని హెచ్చరించింది. దాన్ని తెచ్చి వేలంపాటల తగాదాతో కలిపితే అసలు ప్రశ్న పక్కకు పోతుంది.

ఇప్పుడు సేకర్తల్లో ఒక వర్గం అడుగుతున్నది చిన్న కోరికే. ఊరి పేరు రాసిన ప్రతిచోటా ఆ మాట ఎవరు చెప్పారో, దేని ఆధారంగా చెప్పారో పక్కనే రాయాలి. ఆధారం లేకపోతే ఊరి పేరు తీసేయాలి. వేలం సంస్థలు ఒప్పుకోకపోవడం ఊహించిందే. కరీంనగర్, వరంగల్ పాత సేకర్తల్లోనూ కొందరు దీనికి సుముఖంగా లేరు. ఆ నియమం వస్తే వారి పెట్టెల్లో కోటిలింగాల చీటీతో ఉన్న నాణేలు కూడా ఆధారం చూపాల్సి వస్తుంది. అవి కొన్నప్పుడు రసీదు అడిగినవారు కొద్దిమందే.