ఆడని మ్యాచ్‌ల చరిత్ర: కరేబియన్ క్లబ్ ఫుట్‌బాల్‌ని కోవిడ్ అంత తేలిగ్గా ఎలా ఆపగలిగింది?

2022 ఫిబ్రవరిలో హైతీ క్లబ్ కవాలీ, అమెరికా క్లబ్ న్యూ ఇంగ్లండ్ రెవల్యూషన్‌తో కాన్కకాఫ్ చాంపియన్స్ లీగ్‌లో తలపడాలి. ఉత్తర, మధ్య అమెరికాలకూ కరేబియన్‌కూ కలిపి ఫుట్‌బాల్‌ని నడిపే సమాఖ్య కాన్కకాఫ్, దాని క్లబ్ పోటీల్లో అన్నిటికంటే పెద్దది ఈ చాంపియన్స్ లీగే. కవాలీ లెయోగాన్ పట్టణం క్లబ్. 2010 జనవరి భూకంపానికి కేంద్రం ఆ పట్టణం దగ్గరే, ఊళ్లో చాలా భాగం నేలమట్టమైంది. అలాంటి ఊరి జట్టు కరేబియన్ విజేతగా నిలిచి ఇంత దూరం వచ్చింది. కానీ ఆటగాళ్లకు అమెరికా వీసాలు సమయానికి రాలేదు. కవాలీ తప్పుకోవాల్సి వచ్చింది. న్యూ ఇంగ్లండ్ బంతి తన్నకుండానే తర్వాతి రౌండ్‌కి వెళ్లిపోయింది.

ఆ వార్త చాలామందికి కోవిడ్ కాలపు గందరగోళంలో మరో ముక్కలా కనిపించి ఉంటుంది. నాకు మాత్రం అది అరవై ఏళ్లుగా సాగుతున్న కథలో ఒక అధ్యాయంలా అనిపించింది. కరేబియన్ క్లబ్ ఫుట్‌బాల్ చరిత్ర చదువుతుంటే ఆడిన మ్యాచ్‌లు ఎంతగా గుర్తుంటాయో, ఆడకుండా మిగిలిపోయిన మ్యాచ్‌లూ అంతే గుర్తుంటాయి.

మనకు కరేబియన్ అంటే క్రికెట్. వెస్టిండీస్ అనే ఒకే జట్టు, ఒకే మెరూన్ టోపీ. ఫుట్‌బాల్‌లో పరిస్థితి వేరు. ప్రతి దీవికీ సొంత జట్టు, సొంత సంఘం, సొంత లీగ్ ఉంటాయి. 1978లో ఏర్పడిన కరేబియన్ ఫుట్‌బాల్ యూనియన్‌లో 31 సభ్య సంఘాలున్నాయి. జమైకా, హైతీ, క్యూబా లాంటి దేశాలతో పాటు ఫ్రాన్స్‌లో భాగమైన మార్టినిక్, గ్వాడెలూప్, నెదర్లాండ్స్ రాజ్యానికి చెందిన క్యురాసావ్, బొనైర్, అమెరికా పాలనలో ఉన్న ప్యూర్టో రికో, అట్లాంటిక్‌లో ఎక్కడో దూరంగా ఉన్న బెర్ముడా, దక్షిణ అమెరికా నేల మీదున్న గయానా, సూరినామ్ కూడా ఇందులోనివే. ఇంగ్లిష్, స్పానిష్, ఫ్రెంచ్, డచ్, క్రియోల్ భాషలు, నాలుగైదు రకాల పాస్‌పోర్టులు, అన్నిటి మధ్యా సముద్రం. ఇన్ని దేశాల క్లబ్బులను ఒక చోట చేర్చి టోర్నమెంట్ పెట్టడం మామూలు రోజుల్లోనే కష్టం.

ఎంత కష్టమో పాత కప్పులు చెబుతాయి. ఇప్పటి పెద్ద పోటీకి తొలి రూపమైన చాంపియన్స్ కప్ 1962లో మొదలైంది. మరుసటి ఏడాదే కప్పు కరేబియన్‌కి వచ్చింది. గెలిచింది హైతీకి చెందిన రేసింగ్ క్లబ్ హైతియన్. ఫైనల్లో ప్రత్యర్థి మెక్సికో క్లబ్ గ్వాదలహారా. తేదీలు వాయిదా మీద వాయిదా పడి చివరికి ఆ ఫైనల్ జరగనే లేదు, కప్పును హైతీ క్లబ్‌కి ఇచ్చేశారు. 1973లో సూరినామ్ క్లబ్ ట్రాన్స్‌వాల్ చాంపియన్ అయ్యింది, అదీ ప్రత్యర్థులు తప్పుకోవడం వల్లే. 1978లో మూడు ప్రాంతాల విజేతలు తేలాక ఆఖరి దశ ఆడించలేకపోయారు. ట్రినిడాడ్ సైన్యం జట్టు డిఫెన్స్ ఫోర్స్, గ్వాటెమాలా క్లబ్ కొమునికాసియోనెస్, మెక్సికో విశ్వవిద్యాలయ జట్టు ఒకటి, ఈ మూడింటినీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించి చేతులు దులుపుకున్నారు. 1984లో గ్వాదలహారా, న్యూయార్క్ క్లబ్బుల మధ్య తేదీలు కుదరక రెండింటినీ పోటీ నుంచి తీసేశారు. దాంతో హైతీ క్లబ్ వియోలెట్‌కి ఫైనల్ ఆడకుండానే కప్పు దక్కింది.

కరేబియన్ క్లబ్బులు మైదానంలో తేల్చుకున్న ఫైనల్స్ లేకపోలేదు. 1981లో ట్రాన్స్‌వాల్ ఎల్ సాల్వడార్ క్లబ్ అత్లెతికో మార్తేని ఓడించింది. 1985లో డిఫెన్స్ ఫోర్స్ హోండురాస్ క్లబ్ ఒలింపియాను రెండు మ్యాచ్‌ల మొత్తం మీద 2-1తో గెలిచింది. ఆ తర్వాత ఇప్పటివరకూ ఏ కరేబియన్ క్లబ్‌కీ ఆ కప్పు దక్కలేదు. సత్తా లేక ఆగిపోయారని నేను అనుకోను. మెక్సికో క్లబ్బులకూ, ఆ తర్వాత అమెరికా క్లబ్బులకూ టీవీ డబ్బు వచ్చింది. దీవుల క్లబ్బులకు రాలేదు.

ఈ నేపథ్యంలో 1997లో కరేబియన్ క్లబ్ చాంపియన్‌షిప్ పుట్టింది. ప్రాంతంలోని చాంపియన్ క్లబ్బులను పోటీ పెట్టి, గెలిచినవాళ్లను పెద్ద టోర్నీకి పంపడం దాని పని. మొదటి విజేత యునైటెడ్ పెట్రోట్రిన్, ట్రినిడాడ్ ప్రభుత్వ చమురు కంపెనీ జట్టు. మొదటి ఆరు టైటిళ్లూ ట్రినిడాడ్ క్లబ్బులకే వెళ్లాయి. కారణం వెతికితే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది. ఒక జట్టు వెనక చమురు కంపెనీ, ఇంకో జట్టు వెనక సైన్యం. మరో విజేత జో పబ్లిక్ వెనక జాక్ వార్నర్ ఉండేవాడు. అప్పటి కాన్కకాఫ్ అధ్యక్షుడు, ఆ తర్వాత ఫిఫా అవినీతి కేసుల్లో పేరు మోగిన మనిషి. మ్యాచ్ టికెట్ల డబ్బుతో నడిచే క్లబ్ అక్కడ దాదాపు లేదు. కంపెనీ చేయి వెనక్కి తీసుకుంటే, ప్రభుత్వం సాయం తగ్గిస్తే, పెద్దమనిషి పదవి పోతే క్లబ్ కూడా అతలాకుతలమవుతుంది.

తర్వాత జమైకా క్లబ్బులు హార్బర్ వ్యూ, పోర్ట్‌మోర్ యునైటెడ్, ప్యూర్టో రికో ఐలాండర్స్, డొమినికన్ క్లబ్బులు సిబావో, అత్లెతికో పాంతోహా ముందుకొచ్చాయి. 2008లో పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్‌గా మారినప్పుడు కరేబియన్‌కి మూడు చోట్లు ఇచ్చారు. ఆ మొదటి సీజన్లో జో పబ్లిక్ న్యూ ఇంగ్లండ్ రెవల్యూషన్‌ని రెండు మ్యాచ్‌ల్లోనూ ఓడించింది, రెండోది 4-0 తేడాతో. పద్నాలుగేళ్ల తర్వాత వీసాల వల్ల కవాలీ ఎదుర్కోలేకపోయిన జట్టు అదే. ఐలాండర్స్ అదే సీజన్లో సెమీఫైనల్‌కి వెళ్లి మెక్సికో క్లబ్ క్రూజ్ అజుల్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. అవకాశం దొరికితే ఏం చేయగలరో చూపించిన ఏడాది అది.

అయితే ఆ తలుపు మళ్లీ సన్నబడింది. 2018 నుంచి చాంపియన్స్ లీగ్‌ని 16 జట్లకు కుదించి, కరేబియన్‌కి నేరుగా ఒకే చోటు ఉంచారు. మిగతావాళ్లు కాన్కకాఫ్ లీగ్ అనే రెండో పోటీ ద్వారా రావాలి. అదే ఏడాది దీవుల పోటీని కూడా రెండు మెట్లు చేశారు. లీగ్ కాస్త వృత్తిపరంగా నడిచే దేశాల క్లబ్బులకు చాంపియన్‌షిప్, మిగతావాటికి కరేబియన్ క్లబ్ షీల్డ్. మార్టినిక్‌కి చెందిన క్లబ్ ఫ్రాన్సిస్కెయిన్ తొలి షీల్డ్ గెలిచింది. షీల్డ్ గెలిచినా కాన్కకాఫ్ లీగ్‌లో చోటు ఖాయం కాదు, చాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానం వచ్చిన జట్టుతో ఇంకో మ్యాచ్ ఆడి గెలవాలి. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీస్‌కి వచ్చే కుర్రాళ్లకు ఏడాదికి ఒక్కసారి, పది రోజులపాటు, ఏదో ఒక దీవిలో తెరుచుకునే కిటికీ అది.

2020 మార్చికి ముందు పరిస్థితి ఇది. ఆ ఫిబ్రవరిలోనే పోర్ట్‌మోర్ చాంపియన్స్ లీగ్‌లో క్రూజ్ అజుల్‌తో ఆడి కింగ్‌స్టన్‌లో 1-2తో, మెక్సికోలో 0-4తో ఓడింది. మరి కొన్ని వారాలకే, మార్చి 12న కాన్కకాఫ్ చాంపియన్స్ లీగ్‌ని ఆపేసింది, ఆ వెంటనే మిగతా పోటీలనూ ఆపింది. ఆ తర్వాత ఏ పోటీని ఎలా కాపాడారో చూస్తే నాకు బాధ కలుగుతుంది. పెద్ద పోటీకి దారి దొరికింది. డిసెంబర్‌లో మిగిలిన జట్లన్నిటినీ ఫ్లోరిడాలోని ఓర్లాండోకి తెచ్చి, ప్రేక్షకులు లేకుండా ఆడించి, 22న ఫైనల్ ముగించారు. మెక్సికో క్లబ్ తిగ్రెస్ గెలిచింది. టీవీ ఒప్పందాలు, స్పాన్సర్లు ఉన్నాయి కాబట్టి హోటళ్లకూ, పరీక్షలకూ, విమానాలకూ డబ్బు పెట్టగలిగారు. క్లబ్ షీల్డ్‌ని మాత్రం 2020లో రద్దు చేశారు, 2021లోనూ రద్దు చేశారు. రెండేళ్లపాటు చిన్న దీవుల చాంపియన్లకు ఆ పోటీలో సముద్రం దాటే మ్యాచ్ ఒక్కటీ లేదు.

ఇక్కడ ప్రయాణాల సంగతి కొంచెం చెప్పాలి. మ్యాప్‌లో పక్కపక్కనే కనిపించే రెండు దీవుల మధ్య చాలాసార్లు నేరుగా విమానం ఉండదు. ఎన్నో దారులు మయామీ మీదుగా పోతాయి. అమెరికాలో విమానం మారడానికి కూడా వీసా కావాలి. ఇరవై మందికి పైగా ఉన్న జట్టులో ఇద్దరికి ఆ వీసా రాకపోతే కోచ్ పథకం మొత్తం మారిపోతుంది. తూర్పు దీవులను కలిపిన చిన్న విమానాలు ఎక్కువగా లియాట్ అనే సంస్థవి. యాంటీగా కేంద్రంగా 1950ల నుంచి నడిచిన ఆ సంస్థ అప్పటికే నష్టాల్లో ఉంది. కోవిడ్‌తో విమానాలు ఆగాక 2020 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ట్రినిడాడ్ 2020 మార్చిలో మూసిన సరిహద్దులను 2021 జూలై దాకా పూర్తిగా తెరవలేదు. దాదాపు పదహారు నెలలు సొంత పౌరులు కూడా ప్రభుత్వ అనుమతి ఉంటేనే ఇంటికి రాగలిగారు. అలాంటప్పుడు క్లబ్ జట్టు టోర్నమెంట్‌కి వెళ్లి రావడం గురించి ఎవరు మాట్లాడతారు?

దెబ్బ తగిలింది ప్రయాణాలకే కాదు, ఇంట్లో లీగ్‌లు కూడా కూలాయి. జమైకా 2019-20 సీజన్‌ని మధ్యలోనే రద్దు చేసింది. తర్వాతి లీగ్ 2021 జూన్‌లోగానీ మొదలవలేదు. ట్రినిడాడ్‌లో పాత ప్రొ లీగ్ ఆగిన చోటి నుంచి మళ్లీ లేవనే లేదు. పైగా ఆ దేశ ఫుట్‌బాల్ సంఘం పాలన గొడవల్లో ఫిఫా 2020 సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా దాన్ని సస్పెండ్ చేసింది. మొదటి ఆరు కప్పులూ గెలిచిన దేశంలో పై స్థాయి లీగ్ కొత్త పేరుతో మళ్లీ మొదలయ్యేసరికి 2023 వచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి మూడేళ్లు లీగ్ లేకపోవడమంటే ఏమిటో ఆలోచించండి. స్కౌట్ల కళ్లలో పడాల్సిన వయసంతా ఖాళీ మైదానంలో కరిగిపోయింది.

2021 మే నెలలో చాంపియన్‌షిప్‌ని డొమినికన్ రిపబ్లిక్‌లో కుదించి ఆడించారు. అప్పటికి జమైకాకు కొత్త చాంపియనే లేడు. ఆ టోర్నీలో గెలిచింది కవాలీ. రెండు నెలలకే జూలై 7న హైతీ అధ్యక్షుడు జొవెనెల్ మొయీజ్ హత్యకు గురయ్యాడు. ఆగస్టు 14న దేశ దక్షిణ భాగంలో మళ్లీ పెద్ద భూకంపం. ఆ దేశపు క్లబ్ ఆటగాళ్లు ఆ పరిస్థితుల్లో వీసా అపాయింట్‌మెంట్ల కోసం తిరిగారు. ఫలితం ముందే చెప్పాను.

ఆ ఏడాది కరేబియన్ క్లబ్ ఫుట్‌బాల్ ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది ఒకే ఒక్కసారి. సెప్టెంబర్ 21న పరమారిబోలో కాన్కకాఫ్ లీగ్ మ్యాచ్. సూరినామ్ ఉపాధ్యక్షుడు రోనీ బ్రున్స్‌వైక్, అరవై ఏళ్ల వయసులో, తన సొంత క్లబ్ ఇంటర్ మోయెంగోటాపో తరఫున 61వ నంబర్ చొక్కా వేసుకుని ఒలింపియా మీద 54 నిమిషాలు ఆడాడు. 0-6తో ఓడాక ప్రత్యర్థుల డ్రెస్సింగ్ రూమ్‌లో డబ్బు పంచుతున్న వీడియో బయటికి వచ్చింది. కాన్కకాఫ్ రెండు క్లబ్బులనూ పోటీ నుంచి తీసేసి, ఆయన మీద మూడేళ్ల నిషేధం పెట్టింది. ప్రపంచమంతా నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. ఎన్నో ఏళ్ల కష్టం తర్వాత ఆ మ్యాచ్ దాకా వచ్చిన కుర్రాళ్లు ఆ జట్టులో ఉన్నారు. రెండో మ్యాచ్ ఆడే అవకాశం వాళ్లకు పోయింది. జట్టంతా ఒక్క పెద్దమనిషి చేతిలో ఉంటే జరిగేది ఇదే. 1997 నుంచీ ఉన్న ఆ జబ్బుకి కోవిడ్‌తో సంబంధం లేదు, కోవిడ్ పోయినా అది పోలేదు.

తర్వాత కొన్ని మార్పులు వచ్చాయి. 2022లో షీల్డ్ తిరిగి మొదలైంది, ప్యూర్టో రికో క్లబ్ బయమోన్ గెలిచింది. 2023లో పాత చాంపియన్‌షిప్ స్థానంలో కాన్కకాఫ్ కరేబియన్ కప్ వచ్చింది. పది క్లబ్బులు, గ్రూపుల్లో సొంత ఊళ్లోనూ బయటా మ్యాచ్‌లు, పెద్ద పోటీలో మళ్లీ మూడు చోట్లు. మొదటి కప్పు సూరినామ్ క్లబ్ రాబిన్‌హుడ్‌కి, రెండోది జమైకా క్లబ్ కవాలియర్‌కి వెళ్లాయి. అందువల్లే 2025 మార్చిలో మెస్సీ ఇంటర్ మయామీతో కలిసి కింగ్‌స్టన్‌లో కవాలియర్ మీద ఆడాడు. మయామీ 2-0తో గెలిచింది, మెస్సీ ఆఖర్లో వచ్చి గోల్ కొట్టాడు. సొంత స్టేడియంలో, సొంత జనం ముందు అలాంటి మ్యాచ్ చూడటానికి జమైకా క్లబ్ అభిమానులు ఎంతకాలం ఎదురుచూశారో!

హైతీ క్లబ్బులకు ఆ భాగ్యం ఇంకా రాలేదు. 1984లో ఫైనల్ ఆడకుండా కప్పు అందుకున్న వియోలెట్ 2022లో కరేబియన్ విజేతగా నిలిచి, 2023 మార్చిలో అమెరికా క్లబ్ ఆస్టిన్‌ని 3-0తో ఓడించింది. అప్పటికి సొంత దేశంలో లీగ్ ఆగిపోయి నెలలు గడిచాయి. ఆ ‘సొంత’ మ్యాచ్ కూడా డొమినికన్ రిపబ్లిక్‌లోనే. రెండో మ్యాచ్‌కి కొందరు ఆటగాళ్లకు మళ్లీ వీసాలు రాలేదు. ఉన్నవాళ్లతోనే టెక్సస్ వెళ్లి 0-2తో ఓడినా మొత్తం స్కోరు 3-2తో ముందుకెళ్లారు. 2024 మార్చిలో పోర్ట్-ఓ-ప్రిన్స్‌లోని సిల్వియో కాతోర్ స్టేడియాన్ని సాయుధ ముఠాలు ఆక్రమించాయి.