మొలకెత్తని గింజల లెక్క

ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "అమెరికాలోని యూటా ఎడారిలో బూడిదరంగు దిబ్బల మీద ఊదా, పసుపు పూలు విరగబూసిన ఫొటోలు చూశాను. మరో ఏడాది అదే చోట తీసిన ఫొటోలో గడ్డిపరక కూడా లేదు. ఆ పూలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎక్కడికి పోయాయి?"

ఎక్కడికీ పోలేదు. పై నాలుగైదు సెంటీమీటర్ల మట్టిలోనే గింజలుగా ఉన్నాయి. అవి ఎలా మొలిచాయన్నది నిజానికి చిన్న ప్రశ్న. వాన పడ్డా మొలవకుండా ఎందుకు ఉండిపోతాయన్నదే అసలు ప్రశ్న.

ముందు చోటు సంగతి. యూటా, కొలరాడో, న్యూ మెక్సికో, అరిజోనా రాష్ట్రాలు కలిసే ప్రాంతంలో పరుచుకున్నది కొలరాడో పీఠభూమి. అందులోని ఆర్చెస్ నేషనల్ పార్క్ సముద్రమట్టానికి 1,200 నుంచి 1,700 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాదికి పడేది 200–250 మిల్లీమీటర్ల వాన, మంచు కలిపి. చలికాలం గడ్డకట్టే చలి, వేసవిలో 38 డిగ్రీలు దాటే ఎండ. ఈ రెంటికీ మధ్య ఏప్రిల్, మే నెలల్లో దొరికే సందే వసంతం.

ఆ సందులో పూసేవన్నీ ఒక కోవకు చెందవు. నారింజరంగు గ్లోబ్‌మాలో, ఎర్రటి పెయింట్‌బ్రష్, ముదురెరుపు గిన్నెల్లాంటి పూలు పూసే క్లారెట్ కప్ కాక్టస్ బహువార్షికాలు. వేరో కాండమో నేలలో నిలిచి ఉంటుంది కాబట్టి ఏటా ఎంతో కొంత పూస్తాయి. ఫొటోల్లో దిబ్బలకు దిబ్బలు రంగు మార్చేసేవి ఏకవార్షికాలు, అంటే ఒక్క ఏడాదిలోనే మొలిచి, పూసి, చచ్చేవి. యూటాలోనే ఉన్న ఫ్యాక్టరీ బ్యూట్ అనే గుట్ట చుట్టూ ఉన్న మాంకోస్ షేల్ అనే ఉప్పు బంకమట్టి మీద ఊదారంగు పూసేది ఫసీలియా. పూగుత్తి తేలు తోకలా వంకర తిరిగి ఉంటుంది కనుక అక్కడివాళ్లు స్కార్పియన్‌వీడ్ అంటారు. దాని జిగురు నూగు తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, ఫొటో కోసం అందులో పడుకోవద్దు. ఈ మొక్కలకు గింజ తప్ప వేరే ఆస్తి లేదు. మొక్క చచ్చాక వంశం మొత్తం మట్టిలోనే.

అలాంటి గింజ తొలి చినుకుకే మొలిస్తే ఏమవుతుంది? 5 మిల్లీమీటర్ల జల్లు పైమట్టిని తడుపుతుంది, రెండు మూడు రోజుల ఎండకు ఆ తడి పోతుంది. వేరు కిందికి దిగేలోపే మొలక మాడిపోతుంది. 25 మిల్లీమీటర్ల వాన పడితే చదరపు మీటరుకు 25 లీటర్లు. ఇసుక నేలలో ఆ తడి సుమారు 20 సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది, వేరుకు కొన్ని వారాలు సరిపోతుంది. మరి గింజకు వానను కొలవడం ఎలా తెలుసు?

ఈ ప్రశ్నను పట్టుకున్నది ఫ్రిట్స్ వెంట్. డచ్ వృక్షశాస్త్రవేత్త, కాలిఫోర్నియాలో పనిచేశాడు. 1940ల చివర మొహావీ ఎడారి మట్టిని తెచ్చి, ఉష్ణోగ్రత, తేమ తన అదుపులో ఉన్న గదుల్లో పెట్టి కృత్రిమంగా వాన కురిపించాడు. చిన్న జల్లుకు గింజలు కదల్లేదు, పెద్ద వానకు మొలిచాయి. అంతవరకు ఊహించగలిగిందే. ఆశ్చర్యమల్లా ఇక్కడుంది: అదే మట్టిని కింది నుంచి నీరు పీల్చుకోనిచ్చి పూర్తిగా తడిపినా అవి మొలవలేదు. నీళ్లు పై నుంచి కురిసి, మట్టిలోంచి కిందికి దిగిపోవాలి. చాలా జాతుల గింజల పొట్టులో నీటిలో కరిగే అవరోధక రసాయనాలుంటాయి. అవి కడుక్కుపోతేనే మొలక. కింది నుంచి ఎక్కే నీరు వాటిని ఎక్కడికీ తీసుకుపోదు. అంటే పొట్టులోని రసాయనమే వానకొలమానం. దాని మోతాదును బట్టి ఎన్ని మిల్లీమీటర్లు పడాలో ముందే నిర్ణయమై ఉంటుంది.

రెండో కాపలా ఉష్ణోగ్రత. వెంట్ ట్రేలలో చల్లగా 10 డిగ్రీల దగ్గర చలికాలపు మొక్కలు లేచాయి, 26–30 డిగ్రీల దగ్గర వేసవి మొక్కలు. మట్టి ఒకటే, వాన ఒకటే. ఆగస్టులో ఎంత కుండపోత కురిసినా వసంతపు పూల గింజలు లేవకపోవడానికి కారణం ఇదే.

ఇంతటితో ఆపేసే వ్యాసాలే ఎక్కువ. నాకు అంతకన్నా ఇష్టమైన భాగం ఇప్పుడు వస్తుంది. వాన సరిపోయింది, చలి సరిపోయింది, అయినా ఒకే తల్లి మొక్క గింజల్లో కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. ఇది గింజల లోపం కాదు, లెక్క.

మట్టిలో 1,000 గింజలున్నాయనుకోండి. మంచి ఏడాది మొలిచిన ప్రతి గింజా 6 గింజలనిస్తుంది. చెడ్డ ఏడాది ఒక్కటీ ఇవ్వదు. మొలవని వాటిలో ఏటా 80 శాతం బతుకుతాయి, మిగతావి చీమల, ఎలుకల, బూజు పాలు. మంచీ చెడూ సగం సగం.

అన్నీ మొలిస్తే మంచి ఏడాది 6,000. ఆ తర్వాతి చెడ్డ ఏడాది సున్నా. కథ ముగిసింది. 90 శాతం మొలిస్తే? మంచి ఏడాది మొలిచిన 900 నుంచి 5,400, మొలవని 100లో బతికిన 80 కలిపి 5,480, అంటే 5.48 రెట్లు. చెడ్డ ఏడాది ఆ 80 మాత్రమే, అంటే 0.08 రెట్లు. రెండూ గుణిస్తే 0.44, అంటే రెండేళ్లలో 1,000 కాస్తా 440 అవుతుంది. 10 శాతమే మొలిస్తే 1.32, 0.72, గుణిస్తే 0.95, అదీ నష్టమే. 40 శాతం మొలిస్తే 2.88, 0.48, గుణిస్తే 1.38. రెండేళ్లకు 1,380 గింజలు! కలనగణితంతో సరిచూస్తే గరిష్ఠం 42 శాతం దగ్గర వస్తుంది.

సగటు తీస్తే మాత్రం అన్నీ మొలవడమే గొప్పగా కనిపిస్తుంది: 6కీ 0కీ సగటు 3, 2.88కీ 0.48కీ సగటు 1.68. కానీ గింజల సంఖ్య ఏడాదికేడాది కూడుకోదు, గుణించుకుంటుంది. ఒక్క సున్నా చాలు మొత్తం సున్నా కావడానికి. బడిలో అంకమధ్యమం (కూడి తీసే సగటు), గుణమధ్యమం (గుణించి తీసే సగటు) రెండూ సూత్రాలుగా బట్టీ పట్టిస్తారు, రెండోది ఎందుకు కావాలో చెప్పరు. ఈ ఎడారి గింజల లెక్క బోర్డు మీద వేస్తే పది నిమిషాల పని.

దీన్ని 1966లో గణితంగా రాసినవాడు ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డాన్ కోహెన్. మంచి ఏడాది దిగుబడి చాలా ఎక్కువైతే, మొలవాల్సిన వాటా మంచి ఏడాది వచ్చే సంభావ్యతకు దగ్గరగా వస్తుందని తేల్చాడు. పై లెక్కలో దిగుబడిని 6కి బదులు 100 చేసి, నాలుగేళ్లకు ఒకటే మంచి ఏడాది అనుకోండి. సరైన వాటా 24 శాతం. అంటే వాతావరణశాఖ దశాబ్దాల పట్టికల్లోంచి తీసే సంఖ్యను ఈ మొక్కలు ప్రకృతి వరణం ద్వారా పొట్టులో రాసుకున్నాయన్నమాట. నిజంగా అలాగే ఉంటుందా? అరిజోనాలోని టూసాన్ దగ్గర టుమమాక్ గుట్ట మీద లారీ వెనబుల్ బృందం 1980ల నుంచి ఏటా మొలకలు లెక్కపెట్టింది. దిగుబడి ఏడాదికో తీరుగా ఊగే జాతుల్లో మొలిచే వాటా తక్కువ, నిలకడగా పండే వాటిలో ఎక్కువ అని 2007లో ప్రచురించింది.

మరో మాట. ఎడారి "పదేళ్లకోసారి" పూస్తుందని ఒక నమ్మకం చెలామణిలో ఉంది. మట్టిలో గడియారం లేదు. శరదృతువులో ఒక పెద్ద వాన, తర్వాత చలికాలమంతా విడతలు విడతలుగా తడి, వసంతంలో వేడిగాలులు లేకపోవడం, ఈ మూడూ కలవాలి. వరసగా రెండేళ్లు కలవొచ్చు, పదిహేనేళ్లు కలవకపోవచ్చు.

ఈ లెక్కను ఎగతాళి చేస్తున్నట్టు కనిపించేది చీట్‌గ్రాస్. 19వ శతాబ్దంలో యూరేషియా నుంచి వచ్చిన గడ్డి. శరదృతువు వానకే దాదాపు అన్ని గింజలూ మొలుస్తాయి, మట్టిలో నిల్వ పెద్దగా మిగలదు. అయినా గెలుస్తోంది. ఎందుకంటే దాని చెడ్డ ఏడాది సున్నా కాదు. వేలెడు ఎత్తులో గిడసబారిన మొక్క కూడా ఒకటో రెండో గింజలు వేసి చస్తుంది. పై లెక్కలో సున్నాకు బదులు 1 వేయండి: అన్నీ మొలిస్తే రెండేళ్లకు 6 రెట్లు, సగం మొలిస్తే 3.06 రెట్లే. దాచుకోవడం దండగ. ఇది ముందే మొలిచి నీరు తాగేస్తుంది, వేసవి మొదట్లోనే ఎండి పొదల మధ్య ఖాళీలను నిప్పుకు దారిగా మారుస్తుంది.

చూడటానికి వెళ్లేవాళ్లకు: 120 మీటర్లు పైకెక్కితే పూత నాలుగు రోజులు వెనక్కి జరుగుతుందని ఒక పాత అంచనా సూత్రం. 1,200 మీటర్ల దగ్గర ఏప్రిల్ మధ్యలో పూసేది 2,000 మీటర్ల దగ్గర మే రెండో వారానికి వస్తుంది. నల్లగా, గరుకుగా, బుడిపెలతో ఉన్న నేల కనిపిస్తే కాలు పెట్టొద్దు. అది సయనోబాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి ఇసుకను కట్టిపట్టిన జీవపు పొర. ఒక్క అడుగుకు చితికిపోతుంది, కోలుకోవడానికి ఏళ్లు, దశాబ్దాలు పడుతుంది. బండ మీదో, ఎండిన వాగు ఇసుకలోనో నడవండి.

వెంట్ ప్రయోగం ఏ పొడినేల మట్టితోనైనా చేయొచ్చు. నేషనల్ పార్కుల్లో మట్టి, గింజలు తీయడం నిషేధం, వాటి జోలికి పోవద్దు. 30 × 20 సెంటీమీటర్ల ట్రేలు మూడు, అడుగున చిల్లులతో. పై 5 సెంటీమీటర్ల మట్టి తెచ్చి 2 సెంటీమీటర్ల మందంలో పరవాలి. మొదటి ట్రేలో సన్నటి జల్లుతో లీటరున్నర నీళ్లు పోస్తే 25 మిల్లీమీటర్ల వాన. రెండో దాంట్లో 300 మిల్లీలీటర్లు, అంటే 5 మిల్లీమీటర్లు. మూడోదాన్ని నీళ్ల పళ్లెంలో పెట్టి కింది నుంచి తడవనివ్వాలి. గది 10–15 డిగ్రీలుండాలి, 30 డిగ్రీల గదిలో చలికాలపు గింజలు లేవవు. చిల్లులు మూసుకుపోతే కడుక్కుపోవాల్సిన రసాయనాలు ట్రేలోనే మిగిలి మొదటిదీ మూడోదీ ఒకేలా కనిపిస్తాయి. మొలకలు లెక్కపెట్టి పీకేశాక మట్టిని రెండు వారాలు పూర్తిగా ఆరబెట్టి మళ్లీ లీటరున్నర పోయండి. తొలి విడతలో రాని గింజలు చచ్చినవే అనుకుని ట్రే పారబోస్తే రెండో విడత మొలకలు లెక్కలోకి రావు.