తలుపు చప్పుడు విని కారు కొనకండి: ఫ్రేమ్ గురించి అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో నాది టింకరింగ్ షెడ్డు. కొనబోయే బండిని తీసుకొచ్చి "అన్నా, ఇది గట్టి బండేనా?" అని అడిగేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు. అడుగుతూనే బానెట్ మీద వేళ్లతో కొడతారు, తలుపు వేసి చప్పుడు వింటారు. ఆ చప్పుడు చాలావరకు తలుపు రబ్బరుది, లాక్‌ది, లోపల అంటించిన, మోత తగ్గించే షీట్‌ది. ఫ్రేమ్ సంగతి దాంతో తేలదు.

అపోహ: రేకు మందంగా ఉంటేనే బండి గట్టిది.

వాస్తవం: పైరేకు చాలా కార్లకి ముప్పావు మిల్లీమీటరుకి అటూ ఇటూనే ఉంటుంది. బండి మెలి తిరగకుండా ఆపేవి దాని వెనకున్న మూసిన గొట్టాలు: తలుపుల కింద రన్నింగ్ బోర్డు, పిల్లర్లు, పైన రూఫ్ అంచులు. వెదురు బొంగుని రెండు చేతుల్తో మెలిపెట్టండి, లొంగదు. దానికే ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క చీలిక పెట్టండి. వెదురు అంతే, బరువు అంతే, కానీ మెలి తిరిగిపోతుంది. అందుకే తుప్పు పట్టిన రన్నింగ్ బోర్డు మీద రేకు ముక్క పెట్టి నాలుగు చోట్ల వెల్డింగ్ చుక్కలతో సరిపెట్టమంటే నేను ఒప్పుకోను. అది చీలిన వెదురే.

అపోహ: బాడీ కింద విడి ఛాసిస్ ఉన్న బండే బలం, బాడీయే ఛాసిస్ పని చేసే మోనోకాక్ డొల్ల.

వాస్తవం: నిచ్చెన ఛాసిస్, అంటే రెండు పొడుగు దూలాల్ని అడ్డకమ్మీలతో కలిపిన చట్రం, బరువులు మోయడానికి, చేల గట్లమ్మట తిరగడానికి మేలు. మెలిపెడితే మాత్రం నిచ్చెనలాగే తేలిగ్గా మెలి తిరుగుతుంది. మోనోకాక్‌లో ఫ్లోర్, పిల్లర్లు, రూఫ్, అతికించిన ముందు అద్దం కూడా కలిసి ఒకే పెట్టెగా పనిచేస్తాయి. అందుకే తక్కువ బరువులో ఎక్కువ బిగువు, అంటే మెలి తిరగని గుణం, వస్తుంది. 1922లోనే ఇటలీ కారు లాన్సియా లాంబ్డా ఈ దారి పట్టింది. మనం గట్టి బండి అని మెచ్చుకున్న అంబాసిడర్‌కీ విడి ఛాసిస్ లేదు. ఇన్నోవాలోనే క్రిస్టాది నిచ్చెన, హైక్రాస్‌ది మోనోకాక్. ఇంటిల్లిపాదీ హైవే మీద తిరిగే బండికి నా ఓటు మోనోకాక్‌కే.

అపోహ: బిగువు పెరిగితే శబ్దం దానంతటదే పోతుంది.

వాస్తవం: కిర్రుకిర్రులు తగ్గుతాయి, నిజమే. కానీ టైర్ల గుర్రు ఇనుము వెంటే లోపలికి వస్తుంది, దాన్ని మధ్యలో తెంచేది రబ్బరు. ఛాసిస్ బండిలో బాడీకి, ఛాసిస్‌కి మధ్య ఉండే రబ్బరు మౌంటులు, మోనోకాక్‌లో సస్పెన్షన్‌ని మోసే సబ్‌ఫ్రేమ్‌కి, బాడీకి మధ్య ఉండే రబ్బరు బుష్‌లు ఆ పని చేస్తాయి. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒకాయన, ఫ్లోర్ అంతా షీట్లు వేయించుకున్నా మోత తగ్గలేదని వచ్చారు. బండి లిఫ్ట్ మీదకెక్కించి చూస్తే వెనక రెండు బాడీ మౌంటులు పగిలి, ఇనుముకి ఇనుము తగులుతోంది. అవి మార్చాకే బండి నెమ్మదించింది. షీటు ఆపేది డప్పులా మోగే రేకుని, పగిలిన రబ్బరుకి అది మందు కాదు.

అపోహ: అల్యూమినియం అయితే బరువు తగ్గుతుంది, బిగువు అలాగే ఉంటుంది.

వాస్తవం: అదే సైజు ఉక్కుతో పోలిస్తే బరువు మూడో వంతు, బిగువూ మూడో వంతే. అందుకే గొట్టాల సైజు పెంచి కడతారు.

సెకండ్ హ్యాండ్ బండి చూడబోతే, ఒక ముందు చక్రాన్ని చిన్న దిమ్మ మీదకి ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, నాలుగు తలుపులూ తెరిచి మూయండి. అలా ఎక్కిస్తే బాడీ మీద మెలి పడుతుంది. నేల మీద సాఫీగా పడిన తలుపు అక్కడ పట్టేస్తుంటే, కార్పెట్ ఎత్తి వెల్డింగ్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.