కొత్త వర్షన్ ఎక్కించాక ప్రోగ్రామ్ నెమ్మదిస్తే

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు తన వేబ్రిడ్జి చీటీల లెక్కంతా పైథాన్‌తో తీస్తోందనుకుందాం. ఈ ప్రోగ్రామింగ్ భాష 3.12 వర్షన్‌లో 40 సెకన్లలో అయిపోయే పని 3.13 ఎక్కించాక 48 సెకన్లు పడుతోంది. కొత్త వర్షన్ స్లో అనేయడం తేలికే. కానీ వర్షన్‌తో పాటు ఇంకేమేం మారాయో తేల్చకుండా ఆ మాటకు విలువ లేదు.

ముందు చూడాల్సింది ఆ పైథాన్ ఎలా బిల్డ్ అయిందన్నది, అంటే సోర్సు కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌గా ఎలా తయారైందన్నది. పాతది ఉబుంటూ 24.04తో వచ్చిందీ, కొత్తది సోర్సు తెచ్చుకుని ఏ ఆప్షనూ ఇవ్వకుండా కంపైల్ చేసిందీ అయితే పోలికే చెల్లదు. రెండింటినీ ఒకే కంపైలర్‌తో (సోర్సును మెషీన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రామ్), వేగం పెంచే ‘ఎనేబుల్ ఆప్టిమైజేషన్స్’, ‘ఎల్‌టీఓ’ ఆప్షన్లు రెండూ పెట్టి బిల్డ్ చేయాలి. లైబ్రరీల వర్షన్లూ ఒకటే ఉండాలి. కొత్త పైథాన్‌కు నంపై అనే లెక్కల లైబ్రరీ వీల్ (ముందే బిల్డ్ చేసిన ప్యాకేజీ) దొరక్క, ప్యాకేజీలు ఎక్కించే పిప్ దాన్ని సోర్సు నుంచి బిల్డ్ చేస్తే, ఓపెన్‌బ్లాస్ అనే వేగవంతమైన లైబ్రరీ లేని నంపై తయారై మాట్రిక్స్ లెక్కలు బాగా నెమ్మదించవచ్చు.

కంపైలర్ ఎంత దెబ్బ తీయగలదో పైథాన్ 3.14 తయారీలో తెలిసింది. 2025 ఫిబ్రవరిలో అందులో ‘టెయిల్ కాల్’ పద్ధతిలో నడిచే కొత్త ఇంటర్‌ప్రెటర్ (పైథాన్ కోడ్‌ను నడిపే భాగం) చేరింది. వేగం 9 నుంచి 15 శాతం పెరిగిందని మొదట లెక్క తేలింది. మార్చిలో నెల్సన్ ఎల్‌హేజ్ అనే ఇంజినీరు తవ్వి చూస్తే, పోలికకు పెట్టుకున్న పాత ఇంటర్‌ప్రెటరే ఎల్‌ఎల్‌వీఎం 19 కంపైలర్‌తో కుంటుపడిందని బయటపడింది. మామూలుగా ఒక్కో బైట్‌కోడ్ (ఇంటర్‌ప్రెటర్ చదివే చిన్న ఆదేశం) పని ముగిశాక తర్వాతి పనికి వెళ్లే జంప్ దేనికది విడిగా ఉంటుంది. దాంతో దేని తర్వాత ఏది వస్తుందో ప్రాసెసర్ పసిగట్టగలుగుతుంది. కోడ్ సైజు మితిమీరకుండా ఎల్‌ఎల్‌వీఎం 19లో పెట్టిన ఒక హద్దు వల్ల ఆ జంప్‌లన్నీ ఒక్కచోట కలిసిపోయాయి. అసలు లాభాన్ని తర్వాత 3 నుంచి 5 శాతంగా సవరించారు. అంత అనుభవమున్న బృందానికే కంటపడని సంగతి మన ఆఫీసు మెషీన్‌లో ఇట్టే దొరుకుతుందనుకోవద్దు.

ఇక కొలత. నల్లగొండ మే ఎండల్లో ల్యాప్‌టాప్ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కరెంటు పోయి బ్యాటరీ మీదికి వచ్చినా అంతే. పాత వర్షన్‌ను పొద్దున, కొత్తదాన్ని మధ్యాహ్నం కొలిస్తే మనం కొలిచింది ఎండనే. పాతది, కొత్తది, మళ్లీ పాతది, మళ్లీ కొత్తది అని మార్చి మార్చి నడపాలి. లైనక్స్‌లో పైపెర్ఫ్ అనే కొలత పనిముట్టులోని ‘పైపెర్ఫ్ సిస్టమ్ ట్యూన్’ ఆదేశం, ప్రాసెసర్ కొద్దిసేపు వేగం పెంచుకునే టర్బో బూస్ట్‌ను ఆపి, ఫ్రీక్వెన్సీని నిలకడగా ఉంచుతుంది.

పైపెర్ఫ్ మామూలుగా 20 ప్రాసెస్‌లు విడివిడిగా నడిపి, ఒక్కోదాంట్లో ఒక వార్మప్ (సన్నాహక పరుగు) వదిలేసి 3 కొలతలు తీసుకుంటుంది. ఇన్ని ప్రాసెస్‌లు ఎందుకంటే, హ్యాష్ సీడ్ (హ్యాష్ లెక్కకు వాడే యాదృచ్ఛిక సంఖ్య), మెమరీ అడ్రసులు ప్రతి ప్రాసెస్‌కూ మారతాయి. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ ఒక్క అమరికే ఫలితమైపోతుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రామ్‌కు సిస్టమ్ అందించే సెట్టింగులు) సైజు మారినా ప్రోగ్రామ్ వేగం మారగలదని 2009లోనే ఒక పరిశోధన చూపించింది. అందుకే ఒకటి రెండు శాతం తేడాను పట్టించుకోకపోవడమే మేలు.

తేడా నిలిస్తే, ప్రాసెసర్ చేసిన పనిని లెక్కపెట్టే ‘పెర్ఫ్ స్టాట్’ చూడాలి. ఇన్‌స్ట్రక్షన్లే పెరిగాయంటే ఇంటర్‌ప్రెటర్ నిజంగా ఎక్కువ పని చేస్తోంది. అవి అంతే ఉండి సైకిళ్లు పెరిగితే అనుమానం క్యాష్ (ప్రాసెసర్ దగ్గరి చిన్న మెమరీ) మీద, బ్రాంచ్ మిస్‌ల (ప్రాసెసర్ తప్పిన ఊహల) మీద.

చివరికి గిట్ బైసెక్ట్, అంటే ఏ కమిట్‌తో (కోడ్‌లో చేసిన మార్పుతో) నెమ్మదించిందో పరిధిని సగం సగం చేస్తూ వెతికే పనిముట్టు. 1000 కమిట్లున్నా 10 బిల్డుల్లో తేలిపోతుంది. ముందు ఆల్ఫా విడుదలలతో పరిధి తగ్గించుకుంటే ఇంకా తక్కువే. 40కీ 48కీ మధ్య 44 సెకన్ల దగ్గర గీత పెట్టి, లోపలైతే 0, దాటితే 1 ఇచ్చే స్క్రిప్టు రాసి ‘బైసెక్ట్ రన్’కు అప్పగించాలి. బిల్డే ఫెయిలైతే 125 ఇవ్వాలి, అప్పుడు ఆ కమిట్‌ను దాటేస్తుంది. ఇది మరిచి 1 ఇచ్చారో, ఏ పాపమూ ఎరుగని కమిట్ దోషిగా తేలుతుంది.