పేరుకు పోసే డబ్బు పద్ధతికి పెట్టరు: గోదావరి వంటలపై అపోహలు - వాస్తవాలు

కోనసీమలో పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ వంటలు ఒప్పుకునే పని నాది. మెనూ మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు కూర్చోగానే ఇష్టమైనవన్నీ ఏకరువు పెడతారు. పులస పులుసు, పనసపొట్టు కూర, కంద బచ్చలి, పూతరేకులు, కాజాలు. ఆ ఇష్టాల వెనకాలే గట్టి నమ్మకాలూ వస్తాయి. సగం అమ్మమ్మల కాలంవి, సగం ఫోన్లలో తిరిగేవి. నేను చూసినంతలో జనం వస్తువు పేరుకీ రంగుకీ ఎంతైనా పోస్తారు. దానికి రుచి తెచ్చే కాలం, సెగ, చేతిపని దగ్గరికొచ్చేసరికి బేరం మొదలెడతారు. తరచూ వినబడేవి కొన్ని ఇక్కడ రాస్తున్నా.

"సంక్రాంతికి పులస పెట్టండి, ఎంతైనా ఇస్తాం"

ఇవ్వడానికి మీరు సిద్ధమే, రావడానికి చేప సిద్ధంగా లేదు. పులస ఏడాది పొడవునా గోదావరిలో ఉండే చేప కాదు. బంగాళాఖాతంలో తిరిగే ఇలస ఇది. మనవైపు సముద్రంలో ఉన్నప్పుడు విలస అంటారు. వానాకాలం ఎర్రనీరు వెళ్లి సముద్రంలో కలిసేసరికి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ పైకి వస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకానే ఆ సందడి. యానాం, అంతర్వేది వైపు నుంచి పాయల్లోకి ఎక్కి ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ అక్కడ దారి మూతే. ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటిది.

కాబట్టి జనవరిలో పులస అని మీ చేతిలో పెట్టేది రెండిట్లో ఒకటి. ఐసులో నిలవున్నదైనా కావాలి, ఒడిశా, బెంగాల్ వైపు నుంచి దిగిన ఇలసైనా కావాలి. జాతి ఒకటే కనక ముక్కలు కోశాక తేడా పట్టడం చెయ్యి తిరిగినవాళ్లకీ కష్టమే. అందుకే కాలంలో కొన్నా సరే, నేను చేపకంటే ముందు అమ్మే మనిషినీ, వల వేసిన చోటునీ అడుగుతాను.

గుడ్డున్న పులసకి ధర ఇంకా ఎక్కువ. గుడ్లు పెట్టడానికి వచ్చిన చేపని గుడ్లతో సహా తినేసి, "ఈమధ్య పులసలు బాగా తగ్గిపోయాయండీ" అని నాతోనే అంటారు. ఆయ్, తగ్గవూ మరి!

"మట్టిదాకలో వండితేనే పులస"

మట్టిలో మహత్తేమీ లేదు. దాక మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది. చింతపండు పులుసు పోసినా కళాయి పోయిన ఇత్తడి గిన్నెలా కిలం పట్టదు. పొయ్యి మీంచి దించాక కూడా చాలాసేపు లోపల ఉడుకుతూనే ఉంటుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో, అంతే సన్నసెగ మీద, అంతే ఓపిగ్గా కాస్తే తేడా కొంచెమే.

అసలు పని సెగది. పులస నిండా వెంట్రుకల్లాంటి ముళ్లుంటాయి. చింతపండు పులుపూ, గంటల తరబడి సన్నసెగా కలిస్తే ఆ సన్న ముళ్లు మెత్తబడతాయి. "ముళ్లన్నీ కరిగిపోతాయి" అనేది మాత్రం కోత. పెద్దవి ఎక్కడివక్కడే ఉంటాయి, పిల్లలకి చూసి పెట్టండి. ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు. గుడ్డతో దాక అంచులు రెండు పక్కలా పట్టుకుని, పులుసు గిర్రున తిరిగేలా ఊపాలి. బెండకాయలు నిలువుగా చీల్చి పొడుగ్గానే వేయాలి. చివర్లో కాస్త వెన్న, ఆవకాయ జాడీలో పైకి తేరిన నూనె ఒక గరిటెడు.

మర్నాడు తింటే బాగుంటుందన్న మాట అపోహ కాదు. రాత్రంతా ఉప్పూ పులుపూ ముక్కలోకి దిగుతాయి. చేపకి వేలు పోసినవాళ్లే, పొద్దున తెచ్చి మధ్యాహ్నం పంక్తికి వడ్డించెయ్యమంటారు.

"చేప తిని పెరుగు వేసుకుంటే బొల్లి వస్తుంది"

రాదు. చర్మానికి రంగునిచ్చే కణాలు దెబ్బతింటే వచ్చేది బొల్లి. చాలామందిలో సొంత రోగనిరోధక శక్తే వాటి మీద తిరగబడుతుంది. తిండి కలయికతో దానికి సంబంధం లేదు. బెంగాలీలు పెరుగులోనే చేపని వండుకుంటారు, వాళ్ల ఊళ్ల నిండా బొల్లి ఏమీ లేదు.

చేప తిన్నాక ఒళ్లు ఎర్రబడి దద్దుర్లు రావడం మాత్రం నిజంగా జరుగుతుంది. దానికి పెరుగుని తిట్టి లాభం లేదు. కానాగంతలు, ట్యూనా లాంటివి ఐసు లేకుండా ఎండలో పడుంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఎంత ఉడికించినా అది పోదు. కొన్ని ఒళ్లకి చేపే పడకపోవచ్చు, అది వేరే సంగతి. పెరుగు మానేసి పాత చేప తినడంకంటే, తాజా చేప తిని పెరుగన్నం కలుపుకోవడం ఎంతో నయం.

"ఆవ పెడితే పనసపొట్టు చేదెక్కుతుంది"

ఈ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం కోపం వస్తుంది. ఆవ పెట్టని పనసపొట్టు కూరని నేను సగం కూరే అంటాను.

ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. గింజ నలిగి తడి తగిలాక లోపలున్న ఎంజైమ్ పని మొదలెట్టి ఘాటుని పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు ముక్కుకెక్కనిది అందుకే. ఆవని వేణ్నీళ్లతో రుబ్బినా, కూర పొయ్యి మీద మరుగుతుండగా కలిపినా ఘాటు రాదు, గింజలో ఉన్న చేదు మాత్రం మిగులుతుంది. అప్పుడు "ఆవ చేదు" అని పేరు.

మా పద్ధతి ఇది. ఆవాలు చన్నీళ్లలో నానబెట్టి, ఎండుమిర్చి, ఉప్పు వేసి రోట్లో రుబ్బుతాం. మిక్సీ అయితే కాస్త తిప్పి ఆపుతూ, గిన్నె వేడెక్కకుండా చూసుకోవాలి. ముద్ద కొద్దిసేపు అలా ఉంచితే వాసనే చెబుతుంది, దగ్గరగా వంగితే కళ్లు చెమర్చాలి. కూర దించి, వేడి తగ్గి చెయ్యి పెట్టగలిగేలా అయ్యాక, పచ్చినూనె చుక్క వేసి ఆవ కలపాలి. పులిహోరకీ, అరటికాయ కూరకీ ఇదే లెక్క. కలిపాక మళ్లీ వేడి చెయ్యకండి. ఎక్కువసేపు నిలవుంచినా ఘాటు పోతుంది కనక మేం పంక్తికి కాస్త ముందే ఆవ పెడతాం.

పొట్టు సంగతి కూడా చెప్పాలి. లేత పనసకాయ చెక్కు తీసి, కత్తికీ చేతులకీ నూనె రాసుకుని, ముందు గాట్లు పెట్టి తర్వాత పైపైన కొడుతుంటే పొట్టు రాలుతుంది. నూనె రాసుకోకపోతే ఆ పాలు అంటుకుని సాయంత్రం దాకా వేళ్లు విడవ్వు. మిక్సీలో తిప్పితే వచ్చేది పొట్టు కాదు, ముద్ద. పొట్టు కొట్టే మనిషికి ఇచ్చే కూలి దగ్గర బేరమాడేవాళ్లు కూర బాగోలేదని అనకూడదు.

"కంద దురద చేతి వాటం బట్టి"

చేతి మహిమా కాదు, కోసిన వారమూ కాదు. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, అవి గొంతులోనూ చర్మంలోనూ గుచ్చుకుంటాయి. చేతులు పొడిగా ఉంచుకుని నూనె రాసుకుని కొయ్యండి. ముక్క మెత్తబడేదాకా ఉడికించి ఆ నీళ్లు వార్చేయండి. చింతపండు పులుపు దండిగా పడాలి. కంద బచ్చలిలో చింతపండు ఉన్నది రుచి కోసమే అనుకుంటారు గానీ, దురద నుంచి గొంతుని కాసేదీ అదే. "పులుపు తగ్గించండి" అని చివర్లో చెప్పే పెద్దలకి ఇది ముందే చెప్పేస్తుంటాను.

"బెల్లం పూతరేకులు షుగరున్నవాళ్లు తినొచ్చు"

వద్దండి. బెల్లంలో అధిక భాగం చక్కెరలో ఉన్న సుక్రోజే. అదనంగా ఉండే ఇనుము, ఖనిజాలు మీరు తినే రెండు రేకుల్లో ఎంత వస్తాయి? పైగా రేకే బియ్యప్పిండి. రక్తంలో చక్కెర పెంచడానికి లోపల బెల్లమూ, బయట బియ్యమూ రెండూ సాయం పడతాయి. డ్రైఫ్రూట్స్ వేసినంత మాత్రాన అది మందు కాదు. తినాలని ఉంటే ఒకటి తినండి, ఆ పూట అన్నం తగ్గించండి. మాత్రల సంగతి డాక్టరు గారితో మాట్లాడుకోండి, మాతో కాదు.

బెల్లం రంగు గురించీ ఒక మాట. నిమ్మపండు రంగులో మెరిసేదే మేలురకం అనుకుని అదే తెమ్మంటారు. ఆ మెరుపు చాలాసార్లు బెల్లం వండేటప్పుడు పాకంలో రంగు తేలడానికి వేసే రసాయనం హైడ్రోస్‌ది. మందులు లేని బెల్లం ముదురు రంగుకు తిరుగుతుంది. చూడ్డానికి బాగోదు, వాసన బాగుంటుంది.

పూతరేకుల అసలు విలువ రేకులో ఉంది. ఆత్రేయపురంలో జయ బియ్యం అని పిలిచే రకం నానబెట్టి, రుబ్బి, పలచగా జారుగా చేసుకుంటారు. బోర్లించిన కుండ కింద ఎండుటాకుల మంట. పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తే, పలచటి పొర క్షణంలో ఆరి రేకై లేస్తుంది. మంట పిసరెక్కువైతే మాడిపోతుంది, తగ్గితే కుండకే అంటుకుంటుంది. పొగలో కూర్చుని ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు తాజాదా కాదా అని అడిగేవాళ్లు తక్కువ, జీడిపప్పు ఎంత వేశారని అడిగేవాళ్లు ఎక్కువ.

"కొబ్బరిలో కొలెస్ట్రాల్ ఉంటుంది"

ఉండదు. మొక్కల నుంచి వచ్చే దేనిలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. అయితే కొబ్బరినూనెలో నూటికి 80 పాళ్లకు పైగా సంతృప్త కొవ్వే, అది మన ఒంట్లో చెడు కొలెస్ట్రాల్ని పెంచుతుంది. కాబట్టి కొబ్బరి పచ్చడి చూసి భయపడక్కర్లేదు, నూనె అమృతమని గిన్నెడు తాగక్కర్లేదు.

"ఆవకాయని నిలవుంచేది నూనె"

నూనె పైన తేరి గాలి తగలకుండా కాపలా కాస్తుంది, అంతే. నిలవుంచేది ఉప్పూ, మామిడికాయ పులుపూ. ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగేస్తుంది, బూజుకి బతకడానికి చోటుండదు. అందుకే "మా ఇంట్లో బీపీ ఉంది, ఉప్పు సగం వేసి పెట్టండి" అంటే నేను ఒప్పుకోను. సగం ఉప్పుతో పెట్టిన జాడీ శ్రావణానికే బూజు పడుతుంది. ఉప్పు సరిగ్గా వేసి, తినేటప్పుడు సగం ముక్క తినండి. రాళ్ల ఉప్పు వాడితే బీపీకి ఫరవాలేదన్నది కూడా ఉత్తదే, రెండిట్లోనూ ఉన్నది సోడియమే.

తడి గరిటె పెట్టకూడదన్న అమ్మమ్మ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

ఇంకొన్ని, గబగబా

ఎర్ర పెంకు గుడ్డు బలం, తెల్ల పెంకుది కాదు అంటారు. పెంకు రంగు కోడి జాతిని బట్టి, పచ్చసొన రంగు అది తిన్న మేతని బట్టి. బలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

కాకినాడ కాజా, తాపేశ్వరం కాజా ఒకటే అంటారు. కాదు. కాకినాడది గొట్టం కాజా, కొరికితే లోపల్నుంచి పాకం కారుతుంది. తాపేశ్వరంది మడత కాజా, పొరలు పొరలుగా విడుతుంది. చొక్కా కొత్తదైతే రెండోది తినండి.

సాంబ మసూరి మన గోదావరి విత్తనమని గొప్పగా చెబుతారు. కానీ సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్లది. మనది స్వర్ణ, ఎంటీయూ 7029. పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చింది. సన్నగా లేదని పెళ్లివారు దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ, దేశంలో ఎన్నో రాష్ట్రాల పొలాలు దానితో పండాయి.

కొత్త బియ్యం మంచివి కావు అన్నది చివరిది. అవి నీళ్లు తక్కువ పీల్చి ముద్దవుతాయి, అంతే. పాతబడే కొద్దీ మెతుకు ఎక్కువ నీరు తాగి పొడిపొడిగా విడుతుంది. పులిహోరకి పాతవే కావాలి. దద్దోజనానికీ చక్కెర పొంగలికీ కొత్తవే బాగా కుదురుతాయి. బియ్యం మీరే తెస్తామంటే తెండి, కాకపోతే సార్వావో (ఖరీఫ్) దాళ్వావో (రబీ), ఎన్నాళ్ల నిలవో చెప్పి పంపండి, ఎసరు దాన్ని బట్టి పోసుకుంటాం.