లిపి లేని భాషలు: అపోహలు - వాస్తవాలు

లంబాడీ తాండాల్లో తిరిగి మాటలు రికార్డు చేయడం నా పని. అనంతపురంలో ఈ సంగతి చెప్పగానే ఎదురయ్యే మాటలు దాదాపు ఇవే.

అపోహ: లిపి లేకపోతే అది భాష కాదు, యాస.

వాస్తవం: కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళులు తెలుగు శాసనం వేయించింది సుమారు క్రీ.శ. 575లో. అంతకుముందు రేనాటి జనం మూగగా బతికారా? ప్రపంచంలో ఏడు వేల పైచిలుకు భాషలుంటే చాలావాటికి సొంత లిపి లేదు. ఆ మాటకొస్తే ఇంగ్లీషుదీ అరువు లిపే. లంబాడీని మనం తెలుగు అక్షరాల్లో రాస్తాం, కర్ణాటకలో కన్నడ అక్షరాల్లో రాస్తారు. రాజస్థానీకి దగ్గరి చుట్టమైన ఈ భాష మాట్లాడేవాళ్లు 2011 జనాభా లెక్కల్లో 32 లక్షలకు పైనే. అయినా పట్టికలో హిందీ కింద చేర్చేశారు! గుత్తి దగ్గర సేవాగఢ్ జాతరలో అవ్వల మాటలు కాసేపు వినండి. మీకొచ్చిన హిందీ ఎంతవరకు పనికొస్తుందో తెలిసిపోతుంది.

అపోహ: గుప్పెడు మంది మాట్లాడే భాషకు వ్యాకరణమేముంటుంది?

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రష్యాలోని డాగెస్తాన్ కొండల్లో ఆర్చి అనే భాష ఉంది. మాట్లాడేది వెయ్యి మంది చిల్లర. అందులో ఒక్క క్రియకు పదిహేను లక్షలకు పైగా రూపాలు రావచ్చని కిబ్రిక్ అనే భాషావేత్త లెక్కగట్టాడు. అన్నీ రోజూ వాడతారని కాదు, నియమాలు ఒప్పుకుంటాయని. ఉబిఖ్ అనే భాషలో హల్లులే 80కి పైగా, అచ్చులు మాత్రం రెండే అంటారు. అది మాట్లాడిన చివరి మనిషి తెవ్‌ఫిక్ ఎసెంచ్ 1992లో టర్కీలో పోయాడు. ఆస్ట్రేలియాలోని గూగు యిమితిర్ అనే భాషలో ఎడమ, కుడి అనరు. కాలి దగ్గర చీమ ఉన్నా ఉత్తరం కాలా, దక్షిణం కాలా అని దిక్కుతోనే చెబుతారు. మన ఊళ్లలో పెద్దోళ్లు "కొంచెం తూర్పుకు జరుగు" అంటారు చూడండి, అదే పద్ధతి, కాకపోతే వాళ్లకు ప్రతిదానికీ అంతే.

అపోహ: లక్షల మంది మాట్లాడితే ఆ భాషకు ఢోకా లేదు.

వాస్తవం: కోటి జనాభా ఉన్న పాపువా న్యూ గినీలో 800కు పైగా భాషలున్నాయి. కొన్ని వందల మందితోనే తరాల తరబడి నడిచినవి ఎన్నో, పిల్లలు నేర్చుకున్నారు కాబట్టి. ఇక్కడేమో తాండా వదిలి గుంతకల్లులో కాపురం పెట్టిన ఇళ్లలో అవ్వ లంబాడీలో పిలిస్తే మనవడు తెలుగులో పలుకుతాడు. అందుకే కొత్త ఊరికెళితే జనాభా తర్వాత అడుగుతాను, ముందు పిల్లలు ఆటలో ఏ భాషలో కొట్లాడుకుంటున్నారో వింటాను.

అపోహ: ఇంట్లో ఇవి మాట్లాడితే పిల్లలకు ఇంగ్లీషు రాదు.

వాస్తవం: టెన్షన్ వద్దు, వస్తుంది. ఆదోనిలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ గడగడా మాట్లాడే పిల్లలు వీధికి నలుగురు దొరుకుతారు.