తెల్లకర్ర నుంచి జొన్నరొట్టె దాకా: చూపు లేనివారి గురించి అపోహలు – వాస్తవాలు

అపోహ: తెల్లకర్ర పట్టుకున్నారంటే ఏమీ కనపడనట్టే.

మహబూబ్‌నగర్ బస్టాండులో కర్ర పట్టుకున్న మనిషి జేబులోంచి ఫోన్ తీసి మెసేజ్ చదివితే చాలు, పక్కనోళ్లు "అంతా నాటకం" అనేస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, అద్దాలు పెట్టుకున్నాక కూడా మెరుగైన కంటిలో చూపు 3/60 కన్నా తక్కువున్నా (అంటే మామూలు కంటికి 60 మీటర్ల నుంచి కనపడేది 3 మీటర్ల దగ్గరికొచ్చినా కనపడకపోయినా), చూపు పరిధి 10 డిగ్రీల కన్నా తక్కువున్నా అంధత్వమే. పరిధి కుంచించుకుపోయిన వాళ్లకు ఎదురుగా ఉన్న అక్షరం కనపడొచ్చు, కాళ్ల దగ్గరి బకెట్ కనపడదు. చీకట్లో చూపు తగ్గిపోయే రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లు కొందరు పగలు మామూలుగానే తిరిగి, పొద్దుగూకాక కర్ర బయటికి తీస్తారు.

అపోహ: కర్ర ఏదైతేనేం.

నిలబడితే నేల నుంచి రొమ్ము ఎముక కింది కొస దాకా రావాలి. పెద్ద అంగలు వేసేవాళ్లకు ఇంకొంచెం పొడుగు కావాలి. పొట్టి కర్రతో గుంత ఉందని తెలిసేసరికి కాలు అందులో ఉంటుంది, పైగా వంగి నడిచి నడుము నొప్పి. కర్రను భుజాల వెడల్పు కన్నా రెండు మూడు వేళ్లు ఎక్కువగా అటూ ఇటూ ఆడించాలి. అసలు కిటుకు అడుగుతో జత కలపడంలో ఉంది: ఎడమ కాలు ముందుకు పడుతున్నప్పుడు కర్ర కొస కుడివైపు నేలను తాకాలి. తర్వాత కుడికాలు పడేది అక్కడే కదా. ఈ జత తప్పితే ఒక పక్క నేల తడిమి చూడకుండానే మిగిలిపోతుంది. మన ఊళ్లలో సీసీ రోడ్డు అంచునే మోరి ఉంటుంది, మోరిలో పడేవాళ్లు ఎక్కువగా ఇలాగే పడతారు.

మడత కర్రలో ఎలాస్టిక్ తాడు సాగిపోతే అతుకులు లొడలొడలాడతాయి. అరిగిన టిప్ రాళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది, దాన్ని వెంటనే మార్చేయాలి. ఇంకోటి, నడుము పైన ఉన్నదాన్ని కర్ర పట్టుకోలేదు. పెళ్లి టెంటు తాళ్లు, ఆగిన లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు నేరుగా మొహానికే తగులుతాయి. చువ్వల చివర్న గుడ్డ కడితే చూపున్నవాళ్లకే పనికొస్తుంది.

అపోహ: చెయ్యి పట్టి లాక్కెళ్తే సాయం చేసినట్టే.

ముందు అడగండి. సరేనంటే మీ మోచేయి ఇవ్వండి. వాళ్లు మోచేయి పైన పట్టుకొని అర అంగ వెనక నడుస్తారు, మీ ఒంటి కదలికతోనే ఎక్కుడూ దిగుడూ తెలుస్తాయి. "ఇటు, అటు" అంటే ఏం లాభం? "మీ ఎడమకు రెండడుగుల్లో మెట్టు, దిగాలి" అనండి. బస్సు ఎక్కేటప్పుడు వెనక నుంచి ఎత్తొద్దు, చెయ్యి తలుపు కడ్డీ మీద పెట్టి వదిలేయండి.

అపోహ: చూపు పోతే వినికిడి దానంతటదే పెరుగుతుంది. పెరగదు, ధ్యాస పెట్టి వినడం అలవాటవుతుంది. రేకుల మీద వాన పడుతుంటే, పక్కన జనరేటర్ మోగుతుంటే వాళ్లూ రోడ్డు దాటలేరు.

అపోహ: డబ్బులు గుర్తుపట్టలేరు.

కొత్త సిరీస్‌లో 100, 200, 500 నోట్ల వెడల్పు ఒకటే, 66 మిల్లీమీటర్లు. పొడవులు వరుసగా 142, 146, 150. తేడా నాలుగే మిల్లీమీటర్లు కాబట్టి విడిగా ఒక్క నోటు పట్టుకొని చెప్పడం కష్టం. తెలిసిన నోటు పక్కన పెట్టి అంచులు కలిపి చూడాలి. పక్క అంచుల్లో ఉబ్బెత్తు గీతలుంటాయి: 100కు నాలుగు, 200కు నాలుగు గీతల నడుమ రెండు సున్నాలు, 500కు అయిదు. సంతలో చేతులు మారి నలిగిన నోటుపై ఇవి అరిగిపోతాయి. అప్పుడు రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన 'మణి' యాప్‌కు చూపిస్తే విలువ చెబుతుంది. ఇంటికొచ్చాక ఒక్కో రకం నోటును ఒక్కోలా మడిచి పెట్టుకుంటే మళ్లీ వెతుక్కునే పని లేదు. చిల్లరిచ్చే దుకాణదారు ఒక్కో నోటు విలువ పలుకుతూ చేతిలో పెడితే చాలు.

అపోహ: పొయ్యి దగ్గరికి రానియ్యొద్దు.

ముందు పెనం పెట్టి, బర్నర్ నడుమకు వచ్చిందో లేదో తడిమి చూసుకొని, ఆ తర్వాతే వెలిగించాలి. కొంగు బిగించి దోపుకోవాలి. జొన్నరొట్టె తట్టడంలో కంటి పని తక్కువే: మందం అరచేతికి, అంచు పగుళ్లు వేళ్లకు తెలుస్తాయి. పగుళ్లు వస్తున్నాయంటే పిండి చాలినంత పిసకలేదన్నమాట. పెనం మీద వేసి పైన నీళ్లద్దాక అట్లకాడ ఆనించి చూడాలి. తడి ఉంటే అంటుకుంటుంది, ఆరితే పొడిగా జారుతుంది, అప్పుడు తిప్పాలి. ఒకేలా ఉండే డబ్బాల్లో ఉప్పుకు ఒక రబ్బరు బ్యాండు, చక్కెరకు రెండు. ఆ డబ్బాల చోటు మార్చేసేది మాత్రం ఎప్పుడూ చూపున్నవాళ్లే!

అపోహ: కళ్లు వాడితే ఉన్న చూపూ పోతుంది. వాడితే అరిగిపోదు. భూతద్దం పెట్టుకొని చదవనివ్వండి. నేత్రదానంతో అందరికీ చూపొస్తుందన్నదీ తప్పే. ఆ శస్త్రచికిత్సలో మార్చేది కార్నియా, అంటే కంటి ముందరి పారదర్శక పొర. కంటి వెనకున్న రెటీనా పొర, కంటి నరం దెబ్బతింటే దానివల్ల ఫలితం ఉండదు.

అపోహ: స్మార్ట్‌ఫోన్ వాళ్లకెందుకు?

ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే ఒకసారి తాకినదాన్ని ఫోన్ తెలుగులో చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. తెర జరపాలంటే రెండు వేళ్లతో లాగాలి. చిక్కంతా మనం పంపేవాటితోనే. స్కాన్ చేసిన పీడీఎఫ్ దానికి బొమ్మ కింద లెక్క. ఫోన్లన్నీ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాల్లో కాకుండా పాత డీటీపీ (ప్రెస్సుల్లో వాడే) ఫాంట్లలో ఉన్న తెలుగును పిచ్చి అక్షరాలుగా చదువుతుంది. ఊరి గ్రూపులో నోటీసు ఫొటో పెట్టేవాళ్లు కింద తేదీ, చోటు, విషయం రెండు లైన్లలో టైప్ చేయండి.